మీడియా చూపించే శరీరం, పుస్తకం చెప్పే శరీరం: 9వ తరగతికి ఆరు గంటల పాఠం ఎలా కట్టాలి?

జడ్పీ_జీవశాస్త్రం · సోమవారం, రాత్రి 8:10

జిల్లా పరిషత్ హైస్కూలు, 9వ తరగతి, ఆడామగా కలిపి 46 మంది. ఆయుష్మాన్ భారత్ పాఠశాల ఆరోగ్య కార్యక్రమం కింద వారానికో గంట దొరుకుతుంది. అందులో ఉన్న 11 అంశాల్లో పునరుత్పత్తి ఆరోగ్యం, హెచ్‌ఐవీ నివారణ ఒకచోట, ఇంటర్నెట్, ఫోన్లు, మీడియా సురక్షిత వాడకం ఇంకోచోట ఉన్నాయి. పిల్లల బుర్రలో మాత్రం రెండూ ఒకే సంచీలో ఉంటాయి. తెల్లబడే క్రీము, ప్రోటీన్ డబ్బా, హీరో వెంటపడటం, ఫోన్లో కనపడే బూతు, ప్యాడ్ల ప్రకటన, అన్నీ ఒకే స్క్రీన్ మీదే కదా.

ఈ రెండు అంశాలనూ కలిపి 40 నిమిషాల చొప్పున ఆరు గంటల్లో చెప్పాలి. ఏది ముందు, ఏది వెనక? ఏ వస్తువులు కావాలి? చట్టం దగ్గర ఎక్కడ జాగ్రత్త పడాలి? "మీడియా చెడ్డది, చూడకండి" అనే ఉపన్యాసం వద్దండీ, అది ఎవరైనా ఇస్తారు.

సలహాగది · సోమవారం, రాత్రి 9:02

మేడమ్, మొదటి గంటలో మీడియా మాటే ఎత్తకండి. శరీరం గురించి తెలియని పిల్లకి ప్రకటనని విడమర్చి చూపినా ఏది అబద్ధమో పట్టుకోలేదు. నెలసరిలో రక్తం ఎంత పోతుందో తెలిస్తేనే ప్యాడ్ల ప్రకటనలో "రోజంతా పొడి" అన్న మాటని కొలవగలదు. ముందు కొలబద్ద చేతికివ్వండి, కొలిచే సరుకు తర్వాత.

మొదటి రెండు గంటలు శరీరంలో వచ్చే మార్పులకి. మూడు నుంచి ఆరు వరకు ప్రకటన, సినిమా, రీల్స్, ఫోన్.

మొదటి గంట చివరి పది నిమిషాలు చీటీల పెట్టెకి కేటాయించండి. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. ఏ4 కాగితాన్ని ఎనిమిది ముక్కలు చేస్తే ఆరు కాగితాలకి 48 చీటీలు వస్తాయి, మీ 46 మందికి సరిపోతాయి. అందరికీ ఒకే రంగు పెన్ను. ప్రశ్న లేనివాళ్లు కూడా "నాకు ప్రశ్న లేదు, పాఠం అర్థమైంది" అని పూర్తి వాక్యం రాయాలి. లేకపోతే ఎవడి పెన్ను కదులుతోందో పక్కవాడు చూసేస్తాడు, వారంపాటు వాడి ప్రాణం తీస్తారు.

పెట్టెని అదే గంటలో తెరవకండి. ఇంటికి తీసుకెళ్లి విడదీసుకోండి: శరీరం, భయం, విన్న పుకారు, ఫోన్లో చూసింది, ఆపదలో ఉన్నట్టు అనిపించేది. ఈ చివరి రకాన్ని తరగతిలో చదవకూడదు. బూతు మాటతో రాసిన చీటీని చించెయ్యకండి. వాడికి తెలిసిన మాట అదొక్కటే అయి ఉండొచ్చు. శాస్త్రీయమైన పదంలోకి మార్చి చదివి, జవాబు చెప్పండి. రెండు ప్రశ్నలు అలా గౌరవంగా నడిచాయంటే మూడోవారానికి బూతు దానంతటదే తగ్గుతుంది.

ఇంకోటి. "మీరు ఏం రాసినా నాలోనే ఉంచుకుంటా" అని మాట ఇవ్వకండి. ఎందుకో నల్లకోటు గారు చెప్పాలి.

నల్లకోటు · సోమవారం, రాత్రి 9:40

చెప్తాను. 18 ఏళ్లలోపు పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగొచ్చన్న అనుమానం బలంగా ఉన్నా, పోక్సో చట్టం (2012) 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకి తెలియజేయడం ప్రతి మనిషి బాధ్యత. టీచరుకి మినహాయింపు లేదు. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు. సంస్థ అధిపతి తన కింద పనిచేసేవాళ్ల నేరాన్ని దాస్తే ఏడాది దాకా. అందుకని మొదటిరోజే ఇలా చెప్పండి: "మామూలు ప్రశ్నలు మన మధ్యే ఉంటాయి. ఎవరైనా మిమ్మల్ని బాధపెడుతున్నారని తెలిస్తే మాత్రం సాయం చెయ్యగలిగినవాళ్లకి చెప్తాను, నీకు ముందు చెప్పే చెప్తాను." పిల్లల సహాయ నంబరు 1098 బోర్డు మీద రాసి ఉంచండి.

బిడ్డ పేరు, ఫోటో, ఊరు, బడి ఏదీ స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో పెట్టకూడదు. గుర్తింపు బయటపెట్టడం 23వ సెక్షన్ కింద వేరే నేరం.

గోడరాతలు · సోమవారం, రాత్రి 10:25

అబ్బాయిల సంగతి ఎప్పుడూ చివర మిగిలిపోతుంది, అందుకే ముందే రాస్తున్నా.

బస్టాండు గోడ, రైలు పట్టాల పక్క ప్రహరీ, పేపరు అడుగున చిన్న డబ్బా, ఇప్పుడు రీల్స్. మాట మాత్రం నలభై ఏళ్లుగా ఒకటే: "నరాల బలహీనత, చిన్ననాటి పొరపాట్లు, సంప్రదించండి". 13 ఏళ్ల కుర్రాడికి నిద్రలో స్ఖలనం అయితే ఇంట్లో ఎవరూ ఏమీ చెప్పరు. గోడ ఒక్కటే చెప్తుంది, వాడికి జబ్బుందని. పాఠంలో ఈ రాతని ముక్కముక్కగా విప్పండి.

"చిన్ననాటి పొరపాట్లు" అంటే ఏమిటని అడగండి. ఎవరూ చెప్పరు, నవ్వుతారు. ఆ మాట చేసే పనే అది. పేరు పెట్టకుండా సిగ్గుపెడుతుంది, సిగ్గుపడ్డవాడు రెండో అభిప్రాయం కోసం ఇంకొకరి దగ్గరికి వెళ్లడు. అప్పుడు అసలు విషయం చెప్పండి. స్వప్న స్ఖలనం యుక్తవయసులో మామూలు. హస్తప్రయోగం వల్ల నరాలు పాడవవు, చూపు తగ్గదు, బక్కచిక్కిపోరు, రేపు పిల్లలు పుట్టకుండా పోరు. "ఒక చుక్క వీర్యానికి ఇన్ని చుక్కల రక్తం" అనేది లెక్కే కాదు. ఒకసారికి వచ్చేది సుమారు 1.5 నుంచి 5 మి.లీ. అందులో ఎక్కువ భాగం శుక్రాశయాలు, ప్రొస్టేట్ గ్రంథి విడుదల చేసే ద్రవం. శుక్రకణాల వాటా నూటికి ఐదు లోపే. రక్తం కరిగి అది తయారవదు. అంగం కొలతల గురించి చీటీ తప్పకుండా వస్తుంది. ఎదుగుదల ఒక్కొక్కరిలో ఒక్కో వేగంతో ఉంటుందని, ఏ నూనే మాత్రా దాన్ని మార్చదని చెప్పి ముందుకెళ్లండి. అక్కడ సాగదీస్తే గంట అంతా దాని మీదే పోతుంది.

తర్వాత చట్టం. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ఇలాంటి ప్రకటనలని నిషేధించింది. లైంగిక సామర్థ్యం పెంచుతామనే మందుల ప్రకటన మూడో సెక్షన్ కిందకి వస్తుంది. షెడ్యూల్లో 54 పేర్లున్నాయి. వాటిలో "నరాల బలహీనత" ఉంది, "మనిషి ఎత్తు" ఉంది, లావు తగ్గించడం, వక్షోజాల ఆకృతి కూడా ఉన్నాయి. మొదటిసారి నేరానికి ఆరు నెలల దాకా శిక్ష. పిల్లలకి ఇది చెప్పినప్పుడు ఒక్క ప్రశ్న వేసి వదిలెయ్యండి: డెబ్బై ఏళ్ల కిందట నిషేధించిన వాక్యం మన ఊరి గోడ మీద ఇంకా ఎందుకుంది?

చర్మంపొరలు · మంగళవారం, ఉదయం 6:50

క్రీముల ప్రకటనకి ఒక గంట పూర్తిగా ఇవ్వొచ్చు. 30 సెకన్ల ప్రకటన ఒకటి చాలు, రెండు వద్దు. బోర్డు మీద ఐదు గడులు గీయండి: ఎన్నో సెకను, బొమ్మ, శబ్దం, చెప్పిన మాట, అడుగున చిన్న అక్షరాలు. మూడుసార్లు చూపించాలి. మొదటిసారి మామూలుగా. రెండోసారి శబ్దం తీసేసి. మూడోసారి ఐదేసి సెకన్లకి ఆపుతూ. "ముందు" ముఖం మీద వెలుగు ఎటునుంచి పడుతోంది, "తర్వాత" ముఖం మీద ఎటునుంచి? ముందు ముఖంలో నవ్వుందా? జుట్టు ఎలా ఉంది? పిల్లలు రెండోసారికే పట్టేస్తారు. చిన్న అక్షరాలు ఎన్ని సెకన్లు నిలిచాయో గడియారం పెట్టి లెక్కించమనండి. అందులో "ఫలితాలు వ్యక్తిని బట్టి మారవచ్చు", "చిత్రణ మాత్రమే" లాంటివి ఉంటాయి. పెద్ద అక్షరాల్లో ఇచ్చిన హామీని చిన్న అక్షరాలు వెనక్కి తీసుకుంటున్నాయన్న సంగతి వాళ్లంతట వాళ్లకే తట్టాలి.

మన దేశంలో ఈ సరుకు చరిత్ర కూడా పనికొస్తుంది. ఫెయిర్ అండ్ లవ్లీ 1975లో వచ్చింది. 2020లో పేరులోని "ఫెయిర్" పోయి "గ్లో" వచ్చింది. నలుపు రంగువాళ్లని దిగులుగా, ఓడిపోయినవాళ్లుగా చూపించకూడదని ప్రకటనల ప్రమాణాల మండలి 2014లోనే నియమం పెట్టింది. ఇప్పటి ప్రకటనల్లో "తెలుపు" అన్న మాట అంత తేలిగ్గా దొరకదు. "కాంతి", "నిగారింపు", "మచ్చలేని" అని ఉంటుంది. మాట మారింది, బొమ్మలో రంగు మారిందా లేదా అన్నది ప్రశ్న.

అసలు ప్రమాదం పేరున్న ప్రకటనలో కంటే ప్రకటన లేని ట్యూబులో ఉంది. మందుల షాపులో చేతికిచ్చే చిన్న ట్యూబు, బ్యూటీపార్లర్లో కలిపిచ్చే "నైట్ క్రీము", రీల్స్‌లో అమ్మే లేబుల్ లేని డబ్బా. ట్యూబు వెనక బెటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ అని ఉంటే అది స్టెరాయిడ్. డాక్టరు చీటీ మీదే అమ్మాలి. మొదటి రెండు వారాలు ముఖం నునుపుగా, తెల్లగా కనిపిస్తుంది, అదే వల. నెలలు గడిచేకొద్దీ చర్మం పలచబడుతుంది, ఎర్రటి సన్న నాళాలు బయటపడతాయి, మొటిమలు, రోమాలు వస్తాయి. మానేస్తే ముఖం మండిపోయి ఎర్రబడుతుంది, భయపడి మళ్లీ రాస్తారు. ఇప్పటికే రాస్తున్న పిల్ల ఉంటే "ఈరోజే మానెయ్" అనకండి, చర్మ డాక్టరు దగ్గరికి పంపండి. మానే పద్ధతి వేరే ఉంది.

ఇంకో రకం పాదరసం కలిపినవి. లేబుల్ మీద "కలోమెల్", "మెర్క్యురస్ క్లోరైడ్" అని ఉండొచ్చు, అసలు ఏమీ లేకపోనూవచ్చు. అనుకోకుండా కలిసే పాదరసం కూడా మామూలు క్రీముల్లో పది లక్షల భాగాలకి ఒక భాగం మించకూడదని మన నియమం. కేరళలో మలప్పురం ప్రాంతంలో 2023లో కిడ్నీ జబ్బుతో వచ్చిన రోగుల్లో కొందరు ఇలాంటి తెల్లబడే క్రీములు వాడినవాళ్లేనని డాక్టర్లు గుర్తించారు. ముఖానికి రాసింది కిడ్నీకి చేరుతుందన్న ఒక్క మాట పిల్లల్లో బాగా నాటుకుంటుంది.

ఇద్దరాడపిల్లల_తల్లి · మంగళవారం, ఉదయం 9:15

అన్నీ బాగున్నాయి గానీ, తెలియనివాళ్లకి తెలియజెప్పి చెడగొట్టినట్టు కాదా? మగపిల్లల ముందు నెలసరి గురించి చెప్తే ఆడపిల్లలు బడికి రావడానికే సిగ్గుపడతారు కదండీ?

సలహాగది · మంగళవారం, ఉదయం 10:30

అమ్మా, మీ రెండో మాటతో నేను సగం ఏకీభవిస్తాను. శరీరం గురించిన రెండు గంటలూ మొదటి ఇరవై నిమిషాలు విడివిడిగా చెప్పొచ్చు. మహిళా టీచరు ఆడపిల్లలకి, పురుష టీచరు మగపిల్లలకి. ఈ కార్యక్రమంలో బడికి ఇద్దరు టీచర్లని, ఒక ఆడ ఒక మగ, పెట్టింది అందుకే. కానీ విషయం మాత్రం రెండు గుంపులకీ ఒకటే చెప్పాలి. నెలసరి అంటే తెలియని మగపిల్లాడే వెనక బెంచీ నుంచి ఎగతాళి చేసేది. తర్వాతి ఇరవై నిమిషాలు కలిపి కూర్చోబెట్టండి. మీడియా గంటలు నాలుగూ కలిపే జరగాలి, ఎందుకంటే అబ్బాయి కళ్లతో ఒక ప్రకటన, అమ్మాయి కళ్లతో అదే ప్రకటన వేరుగా కనిపించడమే అక్కడ పాఠం.

మొదటి ప్రశ్నకి: ముందురోజు తల్లిదండ్రులకి ఒక పేజీ పంపితే సగం భయం పోతుంది. ఏం చెప్తాం, ఏం చెప్పం, ఏం చూపించం. "నగ్న చిత్రాలు, అలాంటి వీడియోలు తరగతిలో చూపించబడవు" అన్న వాక్యం మొదట్లోనే ఉండాలి.

(చిన్న మాట మేడమ్: "ఆరో పీరియడ్లో పీరియడ్స్ గురించి" అని టైమ్‌టేబుల్లో రాయకండి. పది నిమిషాలు నవ్వులకే పోతుంది. "గంట" అనండి.)

ఏఎన్‌ఎం_అక్క · మంగళవారం, మధ్యాహ్నం 2:05

ప్యాడ్ల ప్రకటనకి చిన్న ప్రయోగం. కావలసినవి: 5 మి.లీ. చెంచా, బీట్‌రూట్ నీళ్లు, ఒక ప్యాడ్, తెల్ల పింగాణీ గిన్నె. ఒక నెలసరిలో మొత్తం పోయే రక్తం మామూలుగా 30 నుంచి 40 మి.లీ. అంటే ఆరు నుంచి ఎనిమిది చెంచాలు, నాలుగైదు రోజులకి కలిపి. గిన్నెలో ఆ ఎనిమిది చెంచాలూ పోసి చూపిస్తే అందరూ "ఇంతేనా!" అంటారు. 80 మి.లీ. దాటితే ఎక్కువ పోతున్నట్టు. ప్రకటనలో నీలం నీళ్లు ఒక్కసారిగా గ్లాసుతో పోస్తారు. ఒళ్లు అలా చెయ్యదు, కొద్దికొద్దిగా వస్తుంది. నీలం రంగు ఎందుకని అడగండి. ఎరుపు చూపిస్తే అసహ్యం అనుకుంటారని. అసహ్యమన్న మాట ప్రకటన నోటితో అనదు, రంగుతో అంటుంది.

"12 గంటల రక్షణ" అని డబ్బా మీద ఉన్నా నాలుగు నుంచి ఆరు గంటలకి మార్చుకోవాలి. గంటకో రెండు గంటలకో ప్యాడ్ పూర్తిగా తడిసిపోతున్నా, ఏడు రోజులు దాటినా, పెద్ద గడ్డలు పడుతున్నా పీహెచ్‌సీకి రండి. మొదటి రెండేళ్లలో 21 నుంచి 45 రోజుల మధ్య ఎప్పుడొచ్చినా కంగారు లేదు. ప్రకటనలో పిల్ల తెల్ల ప్యాంటేసుకుని పరిగెడుతుంది. పరిగెత్తగలిగితే మంచిదే, కడుపు నొప్పితో పడుకున్న పిల్లకి "నేనే బలహీనురాలిని" అనిపించకూడదు.

సువాసన వాష్‌ల గురించి కూడా చెప్పండి. యోని లోపలి భాగం తనని తానే శుభ్రం చేసుకుంటుంది. బయట మామూలు నీళ్లు చాలు. సెంటు, ఘాటు సబ్బు వాడితే లోపలి ఆమ్లత మారి మంట, దురద, ఇన్ఫెక్షన్ వస్తాయి. లేని సమస్యకి పేరు పెట్టి అమ్మేది ఇదే.

ఇక వారం వారం ఇచ్చే నీలం మాత్ర. అందులో 60 మి.గ్రా. ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం. 10 నుంచి 19 ఏళ్లవాళ్లకి, మగపిల్లలకి కూడా. అన్నం తిన్నాక వేసుకోవాలి, టీతో కాదు, టీ ఇనుముని ఒంట పట్టనివ్వదు. విరేచనం నల్లగా రావడం మామూలే. "ఈ మాత్ర వేస్తే పిల్లలు పుట్టరు" అని ఫార్వర్డ్ వస్తే ఆ మెసేజ్‌నే పాఠం చెయ్యండి: ఎవరు రాశారు, ఏ తేదీ, ఏ ఆసుపత్రి, ఏ మాత్ర? నాలుగిట్లో ఒక్కదానికీ జవాబు ఉండదు.

పప్పుదినుసు · మంగళవారం, సాయంత్రం 7:45

ప్రోటీన్ డబ్బాకి ఉపన్యాసం అక్కర్లేదు, లెక్కల మాస్టారిని పిలవండి.

మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో 13 నుంచి 15 ఏళ్ల అబ్బాయికి రోజుకి 45 గ్రాములు, అమ్మాయికి 43 గ్రాములు ప్రోటీన్ చాలు. 16 నుంచి 18కి అబ్బాయికి 55, అమ్మాయికి 46. ఇప్పుడు బోర్డు మీద ఒకరోజు తిండి రాయండి. పచ్చి బియ్యం 300 గ్రాములు, సుమారు 22. కందిపప్పు 60 గ్రాములు, సుమారు 13. గుడ్డు ఒకటి, 6. పాలు 200 మి.లీ., 6. మొత్తం 47. డబ్బా ఎక్కడా రాలేదు. మధ్యాహ్న భోజనంలోని గుడ్డు తీసి పక్కన పడేసే పిల్లాడు సాయంత్రం డబ్బా కొనమని ఇంట్లో గొడవ చేస్తాడు, అది వాడికి కనపడాలి.

రెండో అంకం: వారం రోజుల పప్పు ధర, గుడ్డు ధర, డబ్బా ధర పిల్లలతోనే కనుక్కుని రమ్మనండి. ఒక్కో గ్రాము ప్రోటీన్ ఎన్ని రూపాయలు పడుతుందో వాళ్లే తీయాలి. భాగించడం వస్తే చాలు, ప్రకటన కూలిపోతుంది.

పప్పు, గుడ్డు అందని ఇల్లు కూడా తరగతిలో ఉంటుంది. ఈ గంటలో "మీరేం తిన్నారు" అని పేరుపేరునా అడగకండి.

రీల్స్‌లో కనపడే కండలకి దీపాలు, నీళ్లు తగ్గించుకోవడం, తీసేముందు బరువులెత్తి కండ ఉబ్బించుకోవడం, ఒక్కోసారి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు. డబ్బా ఒక్కటే కనిపిస్తుంది, ఎందుకంటే డబ్బులిచ్చింది డబ్బావాడు. డబ్బు తీసుకుని చేసిన పోస్టుకి "యాడ్", "స్పాన్సర్డ్", "కొలాబ్" లాంటి గుర్తు ఉండాలని ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో చెప్పింది. పది పోస్టుల తెరపట్టులు (స్క్రీన్‌షాట్లు) అచ్చు తీసి ఆ గుర్తు ఎక్కడ దాక్కుందో వెతికించండి. ఎక్కువగా హ్యాష్‌ట్యాగుల గుంపు చివర దొరుకుతుంది, లేదా దొరకదు.

మూడో_బెంచీ · బుధవారం, ఉదయం 7:20

సినిమా ప్రేమ గంట గురించి. హీరో పేరెత్తి విమర్శిస్తే గంట అయిపోయినట్టే. తరగతి రెండు ఫ్యాన్ గుంపులుగా చీలుతుంది, మీరు ఒక గుంపుకి శత్రువైపోతారు. క్లిప్పు చూపించకండి. కాగితం మీద రాసి ఇవ్వండి, ఇలా:

"ఒక వ్యక్తి వయసు 25. ఒక అమ్మాయి కాలేజీ దగ్గర 12 రోజులు నిలబడ్డాడు. ఆమె 'వద్దు' అని రెండుసార్లు చెప్పింది. స్నేహితురాలి దగ్గర ఆమె నంబరు సంపాదించాడు. రోడ్డు మీద దారికి అడ్డం నిలబడ్డాడు. పదిమందిలో ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆమె అన్నయ్యని కొట్టాడు."

ఇది ఏమిటని అడగండి. "కేసు", "పోలీసులకి చెప్పాలి" అంటారు, అందులో అబ్బాయిలే ముందు. అప్పుడు ఇదే కాగితానికి ఒక పాట, వెనకాల వాన, పక్కన జోకులేసే స్నేహితుడు, చివర్లో ఆమె నవ్వు కలపండి. ఇప్పుడు ఇదేమిటి? తరగతి ఒక్క క్షణం గమ్మునైపోతుంది. ఆ నిశ్శబ్దంలో మీరు మాట్లాడకండి. ముప్పై సెకన్లు ఆగండి, కష్టమే.

తర్వాత పని: ఇదే కథని అమ్మాయి డైరీలో రోజుకో వాక్యం చొప్పున రాయాలి. మగపిల్లలు కూడా.

నల్లకోటు · బుధవారం, ఉదయం 8:05

ఆ కాగితంలో ఉన్నదానికి సెక్షన్ కూడా చెప్పండి. ఇష్టం లేదని స్పష్టంగా చెప్పాక కూడా మళ్లీమళ్లీ వెంటపడటం, మాట్లాడించాలని చూడటం, ఆమె ఇంటర్నెట్ వాడకాన్ని కనిపెడుతూ ఉండటం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. మొదటిసారి మూడేళ్ల దాకా, రెండోసారి ఐదేళ్ల దాకా. ఆమె 18 లోపు అయితే పోక్సో కూడా వచ్చి కూర్చుంటుంది. 18 లోపు అమ్మాయి "సరే" అన్నా చట్టం దాన్ని అంగీకారంగా లెక్కపెట్టదు, ఇది పదో తరగతి అబ్బాయిలకి తెలియక కేసుల్లో ఇరుక్కుంటున్నారు.

జడ్పీ_జీవశాస్త్రం · బుధవారం, రాత్రి 9:10

ఫోన్లో చూసే అశ్లీల వీడియోల గురించి చీటీ వస్తుంది, ఖాయం. చూపించం, సరే. జవాబు ఎంతవరకు?

సలహాగది · బుధవారం, రాత్రి 9:50

మూడు నిమిషాలు చాలు. "చూశారా" అని అడగకండి, చేతులెత్తించకండి. ఇలా చెప్పండి: అది నటన, దానికి కెమెరా, కత్తిరింపు, డబ్బు ఉన్నాయి. శరీరాలని ఏరి పెట్టుకుంటారు. అందులో కనపడనివి ఏమిటో చెప్పండి: ఒకరినొకరు అడగడం, వద్దంటే ఆగడం, జబ్బు రాకుండా, గర్భం రాకుండా జాగ్రత్త. వీటిని తీసేస్తే మిగిలిందాన్ని చూసి జీవితం నేర్చుకోవడం, ఫైటింగ్ సీను చూసి ట్రాఫిక్ నేర్చుకున్నట్టే. కొందరు పిల్లలు అనుకోకుండా చూసి భయపడి ఉంటారు. "చూడటం వల్ల నువ్వు చెడ్డవాడివి అయిపోలేదు, బెంగగా ఉంటే వచ్చి మాట్లాడు" అని ఒక వాక్యం వాళ్లకోసం. మాట్లాడటానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలి మానస్ నంబరు 14416 ఉంది.

నల్లకోటు · బుధవారం, రాత్రి 10:15

దీంట్లో చట్టం ముక్క గట్టిగా చెప్పాలి. 18 లోపువాళ్ల నగ్న చిత్రం ఎవరు తీసినా, తనది తనే తీసుకున్నా, ఇంకొకరు దాచుకోవడం, పంపడం నేరం. పోక్సో 15, ఐటీ చట్టం 67బి. 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు అలాంటివి చూడటం, ఉంచుకోవడం కూడా ఈ సెక్షన్ల కిందకి ఎలా వస్తుందో వివరించింది. లైంగిక విద్య అవసరాన్నీ అదే తీర్పులో ప్రస్తావించింది. "క్లాస్ గ్రూపులో వచ్చింది, నేను తియ్యలేదు" అనేది రక్షణ కాదు.

బెదిరింపు వస్తే క్రమం ఇది. డబ్బు పంపకూడదు, ఒకసారి పంపితే మళ్లీ అడుగుతారు. చాట్ చెరిపెయ్యకూడదు. బెదిరించినవాడి ఐడీ, ప్రొఫైల్ లింకు, తేదీ, సమయం కనపడేలా తెరపట్టు తీసి, ఆ తర్వాతే బ్లాక్ చెయ్యాలి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు, డబ్బు పోయి ఉంటే వెంటనే 1930కి ఫోన్. 18 లోపువాళ్లకి "టేక్ ఇట్ డౌన్" అనే ఉచిత సేవ ఉంది. ఫోటోని ఎక్కడికీ పంపక్కర్లేదు, ఫోన్లోనే దానికి ఒక అంకెల ముద్ర తయారవుతుంది, ఆ ముద్ర ద్వారా ఇందులో చేరిన సంస్థలు ఆ ఫోటోని గుర్తుపట్టి ఆపగలుగుతాయి.

మేడమ్, సార్లు, ఒక్కటి గుర్తుపెట్టుకోండి: పిల్ల వచ్చి చెప్తే "ఏదీ, నాకు పంపు చూస్తాను" అనకండి. ఆ ఫోటో మీ ఫోన్లోకి వచ్చిన క్షణం మీరు కూడా చిక్కుల్లో పడతారు. ఫోన్ అలాగే ఉంచి, ఇంట్లో నమ్మకమైన పెద్దవాళ్లని, పోలీసుల్ని కలపండి.

మూడో_బెంచీ · గురువారం, ఉదయం 6:40

రీల్స్ ఎలా తోస్తాయో చెప్పడానికి ఫోన్ అక్కర్లేదు. చీట్ల ఆట చాలు. క్రికెట్, పాట, జోకు, వంట, కండలు, తెల్లదనం, ఆరు రకాలు, రకానికి పది చీట్లు. ఒక పిల్లాడి చేతిలో రకానికొకటి, ఆరు పెట్టండి. ఒక్కో చీటీ చూసి తిప్పాలి. పక్కవాడు గడియారం పట్టుకోవాలి. ఎక్కువసేపు చూసిన రకానిది ఒకటి చేతికి కలపండి, అన్నిటికంటే త్వరగా తిప్పేసింది తీసెయ్యండి. ఒకే రకం మీద కన్ను ఆగితే నాలుగు రౌండ్లకి ఆరింట్లో ఐదు అవే అవుతాయి. వాడు ఏదీ వెతకలేదు, లైక్ కొట్టలేదు, కాసేపు ఆగాడంతే. ఆట పదిహేను నిమిషాల్లో అయిపోతుంది. రౌండ్లు ఆరు దాటించకండి, విసుగొస్తుంది.

గోడరాతలు · గురువారం, ఉదయం 8:30

ఇంటర్ పిల్లలకి ఇదే పాఠం చెప్పేవాళ్ల కోసం ఒక ముక్క: అత్యవసర గర్భనిరోధక మాత్ర. ప్రకటన చెప్పేది "టెన్షన్ లేదు" అని. చెప్పనిది: లెవోనార్జెస్ట్రెల్ 1.5 మి.గ్రా. 72 గంటల్లోపు, ఎంత ముందైతే అంత మేలు. అండం విడుదలని వాయిదా వేస్తుంది, ఉన్న గర్భాన్ని పోగొట్టదు, సుఖవ్యాధుల నుంచి కాపాడదు, నెలనెలా వాడేది కాదు. 9వ తరగతికి ఇది వద్దు, ఎవరైనా చీటీ రాస్తే ఏఎన్‌ఎం అక్కతో విడిగా మాట్లాడించండి. ఆ చీటీ వెనక ఆపద ఉండొచ్చు.

జడ్పీ_జీవశాస్త్రం · గురువారం, రాత్రి 8:40

అయితే ఇలా రాసుకున్నా: 1, 2 శరీరం, చీటీలు, బీట్‌రూట్ ప్రయోగం. 3 క్రీము ప్రకటన. 4 గోడ రాత, ప్రోటీన్ లెక్క. 5 కాగితం కథ. 6 చీట్ల ఆట, ఫోన్, చట్టం. పరీక్ష పెట్టాలా?

చర్మంపొరలు · గురువారం, రాత్రి 9:05

నాలుగో గంటలో రెండూ పట్టవు. ప్రోటీన్ లెక్కని గణితం గంటకి తోసెయ్యండి, మాస్టారు సంతోషిస్తారు.

మార్కుల పరీక్ష వద్దు. మూడు వారాలాగి, వాళ్లు ఎప్పుడూ చూడని ప్రకటన ఒకటి ఇచ్చి నాలుగు ప్రశ్నలు: డబ్బు ఎవరిచ్చారు, నాలో ఏ లోటు ఉందంటోంది, ఏం చెప్పకుండా వదిలేసింది, నిజం కనుక్కోవాలంటే ఎవరినడగాలి. నాలుగోదానికి "గూగుల్" అని రాసినవాళ్లు ఎక్కువగా ఉంటే రెండో గంట మళ్లీ చెప్పాలి.

ఏఎన్‌ఎం_అక్క · గురువారం, రాత్రి 9:30

బీట్‌రూట్ నీళ్లు ముందురోజు తియ్యకండి మేడమ్, పులుస్తాయి. ఆరోజు పొద్దున తీసి వడగట్టండి. ప్యాడ్లు రెండు తెచ్చుకోండి, మొదటిదాని మీద ఎవరో ఒకరు మొత్తం గిన్నె ఒంపేస్తారు.

జడ్పీ_జీవశాస్త్రం · గురువారం, రాత్రి 9:42

ప్యాడ్లు మూడు రాసుకున్నా అక్కా. తల్లిదండ్రులకి పంపే పేజీ ఆదివారానికి ఇక్కడ పెడతా, నల్లకోటు గారు ఒకసారి చూసిపెట్టండి.